గుండె వెనక నీడ

అమ్మాజీ మళ్ళీ వచ్చిందని నర్సు చెప్పగానే డాక్టర్ శశిభూషణ్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఇన్‌హేలర్ వాడుతోందా?"

"రోజూ వాడుతోందట. తగ్గలేదంటోంది."

"సరిగ్గా పీల్చడం లేదేమో. కాసేపు కూర్చోమనండి," అన్నాడు విసుగు దాచుకుంటూ.

అమ్మాజీ రావడం అది మూడోసారి. ఆమెకి నలభై మూడేళ్ళు. పక్క మండలంలో అంగన్‌వాడీ టీచరు. నాలుగు నెలలుగా పొడిదగ్గు. మొదటిసారి వచ్చినప్పుడు శశిభూషణ్ ఎక్స్‌రే తీయించి, చూసి, కవరు మీద 'నార్మల్' అని రాసి, దగ్గుమందు ఇచ్చి పంపాడు. రెండోసారి కళ్ళె పరీక్ష చేయించాడు. క్షయ లేదని తేలింది. ఎలర్జీ వల్ల వచ్చిన ఉబ్బసం అని చెప్పి ఇన్‌హేలర్ రాశాడు.

"మీకు పొగ అలవాటు లేదు. ఇంట్లో ఎవరికీ లేదు. వంట కూడా గ్యాసు మీదే. మీరు భయపడాల్సింది ఏమీ లేదమ్మా," అని ధైర్యం కూడా చెప్పాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఇప్పుడు మళ్ళీ వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

విజయనగరం దాటాక, జీడితోటల మధ్య ఉన్న ఆ ఛాతీ ఆసుపత్రికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటి దగ్గూ ఆయాసమూ వస్తాయి. దాన్ని నడిపే పెద్ద డాక్టరు నీలాయతాక్షి గారు. అరవై అయిదేళ్ళ మనిషి. పేరు నోరు తిరగక అందరూ 'పెద్ద మేడం' అనేవాళ్ళు. శశిభూషణ్ పట్నంలో బంగారు పతకం తీసుకుని చదువు పూర్తి చేశాక, వాళ్ళ ప్రొఫెసరు, "ఛాతీ చూడటం నేర్చుకోవాలంటే ఆవిడ దగ్గర రెండేళ్ళు ఉండిరా," అని పంపించాడు. అతను వచ్చి ఎనిమిది నెలలైంది.

ఈ ఎనిమిది నెలల్లో అతను గర్వపడే పని ఒకటి చేశాడు. ఆ ప్రాంతంలో మగవాళ్ళే కాదు, ముసలమ్మలు కూడా చుట్ట కాలుస్తారు. కొందరు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని తొందరగా పట్టుకోవాలని శశిభూషణ్ ఒక ప్రశ్నల కాగితం తయారు చేశాడు. మొదటి ప్రశ్న పొగ గురించి. 'అవును' అంటే కింద ఇంకా పది ప్రశ్నలు. 'కాదు' అంటే ఒక బాణం గుర్తు ఆ పదింటినీ దాటించి, తిన్నగా ఉబ్బసం, ఎలర్జీల దగ్గరికి తీసుకెళ్తుంది. దానితో ముగ్గురి జబ్బు చేయి దాటకముందే పట్టుకున్నాడు. ముగ్గురూ చుట్ట కాల్చేవాళ్ళే. వచ్చే నెల విశాఖపట్నంలో డాక్టర్ల సభలో దాని గురించి మాట్లాడబోతున్నాడు.

కాగితం తయారైన రోజున తీసుకెళ్ళి పెద్ద మేడంకి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివారు.

"అక్షరాలు పెద్దవిగా వేశావు. నాలాంటి వాళ్ళకి బాగుంటుంది," అన్నారు.

అంతకు మించి ఏమీ అనలేదు. మెచ్చుకున్నారో లేదో అతనికి అర్థం కాలేదు.

ఆ రోజు అమ్మాజీ కంటే ముందు ఎల్లారమ్మ అనే ముసలామె వచ్చింది. డెబ్బై దగ్గర పడింది. మెట్లెక్కేసరికి ఆయాసంతో గోడ పట్టుకుంది.

"చుట్ట కాలుస్తావా మామ్మా?"

"దాయడానికేటుంది బాబూ. పదారో యేట మొదలెట్నాను. అడ్డపొగే. మా ఆయన పోయినాడు గానీ చుట్ట పోనేదు."

శశిభూషణ్ పది ప్రశ్నలూ అడిగాడు. పదింటికీ గుర్తులు పడ్డాయి. ఎక్స్‌రే తీయించాడు. ఫిల్ము ఆరి చేతికొచ్చేలోపే ఆమెకి ఏముందో తెలిసిపోయినట్టే అనిపించింది అతనికి. ఆ కవరు, దానితో పాటు అమ్మాజీ ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకున్న పాత ఎక్స్‌రే కవరు తీసుకుని పెద్ద మేడం గదికి వెళ్ళాడు.

"మేడం, ఈ మామ్మకి సీటీ స్కాన్ తీయించాలనుకుంటున్నాను. మీరొకసారి చూస్తే బాగుంటుంది. ఇంకొకావిడ ఉన్నారు. ఉబ్బసమే, కానీ నమ్మడం లేదు. మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. ఏమీ లేదని మీరొక్క మాట చెబితే ఇంటికెళ్ళి నిశ్చింతగా ఉంటారు."

"పిలు," అన్నారు ఆవిడ.

అమ్మాజీ వచ్చి కూర్చుంది. పెద్ద మేడం ఆమెని ముందు జబ్బు గురించి అడగలేదు. సెంటర్‌కి ఎంతమంది పిల్లలు వస్తారని అడిగారు.

"పంతొమ్మిది మందండి. రోజూ పాటలు పాడిస్తానండి. ఇప్పుడు ఒక పాట కూడా పూర్తిగా పాడలేకపోతన్నాను. మధ్యలో దగ్గొచ్చేస్తది. మిగతాది పిల్లలే పాడేస్తారు."

"రాత్రి ఎటు తిరిగి పడుకుంటారు?"

అమ్మాజీ ఆశ్చర్యంగా చూసింది. ఆ మాట ఆమెనింతవరకూ ఎవరూ అడగలేదు.

"కుడి పక్కకేనండి. ఎడమ పక్కకి తిరిగితే వీపులో, ఇక్కడ, పట్టేసినట్టుంటది. పని వల్లనుకున్నాను."

పెద్ద మేడం లేచి ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టారు. ఒకచోట చాలాసేపు ఉంచారు. తర్వాత ఆమె జాకెట్టు సర్ది, "భోజనం చేశారా?" అని అడిగారు. లేదంది అమ్మాజీ.

"ముందు తినండి. ఇక్కడే ఉండండి, వెళ్ళిపోకండి." శశిభూషణ్ వైపు తిరిగి, "నువ్వు కూడా తిని రా," అన్నారు.

అతను భోంచేసి వచ్చేసరికి గోడ మీద లైటు పెట్టె వెలుగుతోంది. దాని మీద రెండు ఫిల్ములు పక్కపక్కన ఉన్నాయి. పేర్లుండే మూలల్లో తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి ఉన్నాయి. కింద బల్ల మీద, ఎడమ ఫిల్ముకి ఎదురుగా ఎల్లారమ్మ కేసు కాగితం, కుడి ఫిల్ముకి ఎదురుగా అమ్మాజీ కేసు కాగితం పెట్టి ఉన్నాయి.

"చదువు," అన్నారు పెద్ద మేడం.

శశిభూషణ్ ఎడమ ఫిల్ము ముందు నిలబడ్డాడు. పై నుంచి మొదలుపెట్టి పక్కటెముకల వెంట మెల్లగా కిందికి వచ్చాడు. ఒక్క అంగుళం కూడా వదల్లేదు. గుండె నీడ దగ్గరికి వచ్చేసరికి ఆగి, మొహం దగ్గరగా పెట్టాడు. వెనక్కి జరిగి మళ్ళీ చూశాడు.

"ఇక్కడుంది మేడం. గుండె వెనక. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో. గుండె తెలుపులో ఇది కలిసిపోయింది, తొందరగా చూస్తే దొరకదు. ఇదిగో, అంచు ఇలా గుండ్రంగా వస్తోంది. మూడు సెంటీమీటర్లుంటుంది." అతని గొంతులో సంతోషం దాగలేదు. "నేననుకున్నదే. యాభై ఏళ్ళు పైగా చుట్ట కాల్చింది కదా. ఇవాళే సీటీకి పంపాలి."

"రెండోది?"

రెండోదానికి అతనికి అర నిమిషం పట్టలేదు.

"ఊపిరితిత్తులు కొంచెం ఉబ్బి ఉన్నాయి. ఉబ్బసంలో ఉండేదే. కంగారు పడాల్సిందేమీ లేదు."

పెద్ద మేడం లేచి వచ్చి, రెండు ఫిల్ముల మీది ప్లాస్టర్లూ గోటితో లాగేశారు. తర్వాత గది మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు.

ఎల్లారమ్మదనుకున్న ఎడమ ఫిల్ము మూల చిన్న తెల్ల అక్షరాలున్నాయి. కె. అమ్మాజీ, 43. తారీఖు రెండు నెలల కిందటిది.

శశిభూషణ్ చదివిందే మళ్ళీ చదివాడు. బల్ల మీద ఖాళీ కవరు ఉంది. దాని మీద 'నార్మల్' అని తన చేతిరాత. కింద తన సంతకం.

"ఇదే ఫిల్ము," అన్నాడు చివరికి. "అప్పుడూ ఇదే చూశాను."

"అవును," అన్నారు పెద్ద మేడం చేతులు తుడుచుకుంటూ. "ఆవిడ బయటే ఉన్నారు. వెళ్ళి చెప్పు."

"నేనా మేడం?"

"చూసింది నువ్వే కదా."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అతను ఫిల్ము తీసుకుని బయటికి నడిచాడు.

అమ్మాజీ బెంచీ మీద టిఫిను డబ్బా మూత పెడుతోంది. ఆమె భర్త సింహాద్రినాయుడు, బస్సు డ్రైవరు, అప్పుడే డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. శశిభూషణ్ ఎదురుగా ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంతకు ముందెప్పుడూ రోగి ముందు అలా కూర్చోలేదు.

"అమ్మా, మీ ఎక్స్‌రేలో ఒక గడ్డ కనబడుతోంది. గుండె వెనక ఉంది. అది ఏమిటో తేల్చుకోవడానికి స్కానింగు, తర్వాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. క్యాన్సర్ కావచ్చు. కాకపోవచ్చు కూడా. కానీ ఆలస్యం చెయ్యకూడదు."

సింహాద్రినాయుడు అన్నాడు, "కొత్తగా తీశారా ఎక్స్‌రే?"

"లేదు. పాతదే."

"పాతదాన్లో ఏమీ లేదన్నారు గదా."

"అన్నాను. ఉంది. నేను చూడలేదు."

సింహాద్రినాయుడు లేచి నిలబడ్డాడు. వరండాలో నలుగురూ ఇటు తిరిగారు. శశిభూషణ్ స్టూలు మీద నుంచి కదల్లేదు, తల కూడా దించుకోలేదు. ఏమన్నా పడాలనే అనుకున్నాడు.

అమ్మాజీ భర్త చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. "కూకో. ముందు ఆయన చెప్పేది విందాం." తర్వాత శశిభూషణ్‌ని అడిగింది, "నేను పొగ తాగను కదండి?"

"తాగనివాళ్ళకీ వస్తుందమ్మా. ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువగా చూస్తున్నాం. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, మీరు తాగరనేసరికి నేను వెతకడం మానేశాను."

"మరి నేనేం చేశానని వచ్చిందండి?"

"మీరేం చెయ్యలేదు," అన్నాడు. "చెయ్యాల్సింది నేను చెయ్యలేదు."

ఆమె కళ్ళు నిండాయి. కానీ ఏడవలేదు. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, "స్కానింగు ఎక్కడ తీస్తారు?" అని అడిగింది.

ఆ తర్వాత నెల రోజులు శశిభూషణ్ ఆ ఒక్క మనిషి పని మీదే తిరిగాడని చెప్పొచ్చు. స్కానింగుకి తనే వెంట వెళ్ళాడు. విశాఖపట్నంలో వీపు వైపు నుంచి సూది వేసి ముక్క తీసేటప్పుడు గది బయట నిలబడ్డాడు. క్యాన్సరే అని తేలింది. మిగతా ఒంట్లోకి పాకలేదని కూడా తేలింది. ఆపరేషన్ చేసి ఎడమ ఊపిరితిత్తి కింది భాగం తీసేశారు. గడ్డ మీద జన్యు పరీక్ష చేస్తే, రోజుకొక మాత్రతో జబ్బు తిరగబెట్టకుండా అదుపు చెయ్యగలిగే రకమని వచ్చింది. పొగ తాగనివాళ్ళలో ఆ రకం ఎక్కువగా కనబడుతుందని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు.

శశిభూషణ్ ఆయన్ని పక్కకి పిలిచి అడిగాడు. "రెండు నెలలు ఆలస్యమైంది సార్. దానివల్ల నష్టం జరిగిందా?"

"జరిగి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేను చెప్పలేను. ఇంకో నాలుగు నెలలైతే మాత్రం ఆపరేషన్‌కని నా దాకా వచ్చేది కాదు."

ఎల్లారమ్మకి స్కానింగులో క్యాన్సర్ లేదు. కానీ చుట్ట ఆమె ఊపిరితిత్తుల్ని సగానికి పైగా పాడు చేసి పెట్టింది. మానెయ్యకపోతే మెట్లు కాదు కదా, మంచం కూడా దిగలేవని పెద్ద మేడం చెప్పారు. "అయితే రేపట్నుంచి మానేస్తాన్లే తల్లీ," అంది. అదేమిటో నిజంగానే మానేసింది. మానేశాక నెలకోసారి వచ్చి, తను మానేసినట్టు అందరికీ చెప్పి, ఆ వరండాలో చుట్ట వాసన వచ్చినవాళ్ళని తిట్టిపోసి వెళ్ళేది.

శశిభూషణ్ తన ప్రశ్నల కాగితంలోని బాణం గుర్తుని కొట్టేశాడు. విశాఖపట్నం సభకి వెళ్ళనని పెద్ద మేడంతో అన్నాడు.

"ఎందుకని?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే," అన్నారు ఆవిడ, రాసుకుంటున్న కాగితంలోంచి తలెత్తకుండా.

వెళ్ళాడు. వేదికెక్కి, తను పట్టుకున్న ముగ్గురి సంగతి చెప్పలేదు. అమ్మాజీని అడిగి, పేరు తీసేసి, ఆమె ఫిల్ము తెర మీద వేశాడు. "దీన్ని చూసి నార్మల్ అని రాసినవాణ్ణి నేను," అని మొదలుపెట్టాడు. అతను దిగి వచ్చాక నెరిసిన జుట్టు డాక్టరు ఒకాయన దగ్గరికి వచ్చి, "నా దగ్గరికీ ఒకామె ఇలాగే మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి రాలేదు," అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా శశిభూషణ్ భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఏడు నెలలు గడిచాయి.

ఒక సోమవారం పొద్దున్న ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. అమ్మాజీ, సింహాద్రినాయుడు దిగారు. ఆమె కొంచెం చిక్కింది గానీ మొహం తేటగా ఉంది. చేతిలో స్టీలు డబ్బా నిండా కజ్జికాయలు. ముందు రోజే తీసిన స్కానింగులో ఎక్కడా ఏమీ లేదు. వారం కిందటే మళ్ళీ సెంటర్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. నర్సులు చుట్టూ మూగారు. సింహాద్రినాయుడు ఎప్పుడూ అంతగా మాట్లాడనివాడు, ఆ రోజు కనబడ్డ ప్రతివాళ్ళకీ, "సెంటర్‌కి నడిచే వెళ్తంది, ఆటో వద్దంటంది," అని చెబుతున్నాడు.

శశిభూషణ్ ఓపీ గది కిటికీలోంచి చూశాడు. వాళ్ళు తన గది వైపే రాబోతున్నారని గ్రహించి, వెనక తలుపులోంచి పెద్ద మేడం గదిలోకి వెళ్ళిపోయాడు.

"మేడం, అమ్మాజీ గారు వచ్చారు. దండం పెట్టాలని వచ్చారు. మీరు వెళ్ళండి."

"నీ కోసం వచ్చారేమో."

"ఆ దండం తీసుకునే అర్హత నాకు లేదు మేడం. జబ్బు కనిపెట్టింది మీరు."

పెద్ద మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనేం కనిపెట్టాను శశీ? ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉంటే పిలిచాను. ఇచ్చిన మందు పని చెయ్యకపోతే ఎవరైనా ఏం చేస్తారు?"

"ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు."

"లేకపోతే నాటు మందుకి పోతారు. అదీ కాకపోతే ఇంతే నా రాత అనుకుని ఇంట్లో పడుంటారు. ఆవిడ నీ దగ్గరికే వచ్చింది. నువ్వు విసుక్కున్నా వచ్చింది."

శశిభూషణ్ వరండా వైపు చూశాడు.

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "దండం ఎవరు ఎవరికి పెట్టాలో వెళ్ళి చూసుకో," అన్నారు. ఇంకో రోగి కాగితం ముందుకి లాక్కున్నారు.

అతను తలుపు దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత వరండాలోకి వెళ్ళాడు.

అమ్మాజీ అతన్ని చూసి, డబ్బా భర్త చేతికిచ్చి, బెంచీ మీద నుంచి లేవబోయింది. ఆమె లేచేలోపే శశిభూషణ్ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, ఇదేటండి డాక్టరు గారూ," అంది అమ్మాజీ కంగారుగా. "మేము గదా పెట్టాల?"

అతను చేతులు దించలేదు.